వెండి బిళ్ల, దాని వెనుక మాట



శౌర్య పతకాల గురించి మనం తరచుగానే మాట్లాడుకుంటాం. పరమవీర చక్ర అనగానే ఒక శిఖరం, ఒక రాత్రి, ఎదురుకాల్పుల మధ్య ముందుకు సాగిన ఒక మనిషి గుర్తుకొస్తారు. ఆ కథ చెప్పడానికి వీలుంది, పాఠ్యపుస్తకంలో పెట్టడానికి వీలుంది. సైనికుడి ఛాతీ మీద అదే వరుసలో, చివరికొసన ఉండే మరో రిబ్బను సంగతి ఎవరూ అడగరు. ఇతను ఇన్నేళ్లు కొలువు చేశాడు, మచ్చ పడకుండా చేశాడు అని మాత్రమే అది చెబుతుంది. ఇవాళ మన సైన్యంలో 9 ఏళ్లకు, 20 ఏళ్లకు, 30 ఏళ్లకు ఇచ్చే దీర్ఘ సేవా పతకాలున్నాయి. దీర్ఘ సేవకూ సత్ప్రవర్తనకూ కలిపి ఇచ్చే పతకం వేరే ఉంది. వాటి వెనుక చెప్పుకోవడానికి ఒక యుద్ధఘట్టం అంటూ ఉండదు కాబట్టి చరిత్ర రాసేవారు కూడా వాటిని దాటుకుంటూ వెళ్లిపోయారు. నా వాదన ఇది: దీర్ఘ సేవా పతకం సైనికుడి ఓర్పును ఎంత కొలుస్తుందో, అతనిచేత కొలువు చేయించుకున్న రాజ్యాన్నీ అంతే కొలుస్తుంది. ఒక మనిషి తన వయసులో మేలైన భాగమంతా ఇచ్చేశాక అతనికి హోదా, జీతం, వృద్ధాప్యంలో కూడు, తన తర్వాతివారికి చోటు దక్కాయా అని చూడాలి; రాజ్యంతో అతని ఒప్పందం అవే. వాటితోపాటు వచ్చిన పతకానికి బరువుంది. వాటికి బదులుగా వచ్చిన పతకం ఏ సైన్యాన్నీ నిలబెట్టలేదు. ఇందుకు సాక్ష్యాన్ని ఎక్కువగా మన దేశపు సైన్యాల నుంచే తీసుకుంటాను. ఆ సైన్యాల్లో మొదటి వరుసలో నిలబడినవారిలో తెలుగువారు ఉన్నారు.

బ్రిటన్‌లో ఈ పతకం పుట్టింది 1830లో, నాలుగో విలియం రాజుగా ఉన్నప్పుడు. పదాతి సిపాయికి 21 ఏళ్లు, ఆశ్విక దళంలో ఉంటే 24 ఏళ్లు నిండాలి. నడవడిక నిర్దోషంగా ఉండాలి. ముఖం వైపు ఆయుధాల పోగు బొమ్మను చెక్కినవాడు పిస్త్రూచి అనే ఇటలీ శిల్పి. వెనుక వైపు దీర్ఘ సేవకు, సత్ప్రవర్తనకు అన్న మాటలు, అంచు మీద సైనికుడి పేరు, పటాలం. ఈ అంచు మీది పేరు చిన్న విషయం కాదు. ఆ రోజుల్లో మామూలు సిపాయి పేరు లోహం మీద చెక్కించుకునే అవకాశం అతని జీవితంలో మరెక్కడా వచ్చేది కాదు. అయితే ఆ పతకం ఎలాంటి సైన్యంలో పుట్టిందో మరవకూడదు. అది కొరడా దెబ్బల సైన్యం. 1846లో ఫ్రెడరిక్ జాన్ వైట్ అనే సైనికుడు 150 కొరడా దెబ్బలు తిని చనిపోతే దేశమంతా గగ్గోలు పుట్టి, శిక్షను 50 దెబ్బలకు కుదించారు. పూర్తిగా ఎత్తివేయడానికి 1881 దాకా పట్టింది. అంటే దాదాపు అర్ధశతాబ్దం పాటు ఒకే పటాలంలో ఒకరి ఛాతీ మీద పతకం, మరొకరి వీపు మీద కొరడా ఉన్నాయి. భయంతో మాత్రమే మనుషుల్ని నిలబెట్టడం కష్టమని రాజ్యానికి అర్థమవుతున్న కాలం అది. 1870లో యుద్ధ మంత్రి కార్డ్‌వెల్ సంస్కరణలతో సైన్యంలో కొలువు గడువు తగ్గింది. అదే ఏడు పతకానికి కావలసిన సేవను కూడా 18 ఏళ్లకు దించారు. కొలువు నిబంధన మారితే పతకం కొలత కూడా మారుతుందన్న ఈ సంగతిని గుర్తుంచుకోవాలి. మన కాలానికి వచ్చినప్పుడు దీనితో పని పడుతుంది.

ఇంతకంటే చాలా పాత ఉదాహరణ రోములో ఉంది. రోము సామ్రాజ్యానికి పౌరులు కాని జాతులవారు సహాయక దళాల్లో 25 ఏళ్లు పనిచేసి బయటకు వస్తే, రెండు కంచు రేకుల మీద చెక్కి, ఏడుగురు సాక్షుల పేర్లతో ముద్రవేసిన పత్రం పొందే వీలుండేది. ఆ రేకుల మీద ఉన్నది పొగడ్త కాదు, పౌరసత్వం. 25 ఏళ్ల కిందట పరాయివాడుగా చేరిన మనిషి ఆ రేకులు చేతపట్టుకుని సామ్రాజ్యంలో హక్కుదారుగా ఇల్లు చేరేవాడు. దీర్ఘ సేవకు రాజ్యం ఇచ్చే గుర్తు ఎలా ఉండాలన్న ప్రశ్నకు నాకు తెలిసిన అతి స్పష్టమైన జవాబు ఇదే. తర్వాతి రాజ్యాల్ని దీని పక్కన పెట్టి చూస్తే చాలా విషయాలు తేటపడతాయి.

ఈస్టిండియా కంపెనీ సైన్యం సంగతికి వద్దాం. 1835లో గవర్నర్ జనరల్ బెంటింక్ భారతీయ సిపాయిలకు కొరడా శిక్షను రద్దు చేశాడు. భయం ఒకవైపు తగ్గినప్పుడు ఆశను మరోవైపు పెంచవలసి వచ్చింది. రెండేళ్ల తర్వాత, 1837లో, కంపెనీ రెండు గౌరవాలు ఏర్పాటు చేసింది: శౌర్యానికి ఆర్డర్ ఆఫ్ మెరిట్, సుదీర్ఘమైన నమ్మకమైన సేవకు ఆర్డర్ ఆఫ్ బ్రిటిష్ ఇండియా. రెండోది మెడలో వేసుకునే పతకం. మొదటి తరగతి పొందినవారికి సర్దార్ బహదూర్ బిరుదు, రోజుకు 2 రూపాయల భత్యం. రెండో తరగతికి బహదూర్ బిరుదు, రోజుకు 1 రూపాయి. మొదట దాని రిబ్బను లేత నీలం రంగులో ఉండేది. జుట్టుకు రాసుకున్న నూనె అంటి మాసిపోతోందని ఏడాది తిరక్కుండానే ముదురు ఎరుపుకు మార్చారని చెబుతారు. ఆ పతకాన్ని రూపొందించినవారికి దాన్ని మెడలో వేసుకోబోయే మనిషి ఎలా బతుకుతాడో అంతకుముందు తట్టలేదన్నమాట. ఇక లెక్క చూడండి. సిపాయి జీతం నెలకు 7 రూపాయలు. మొదటి తరగతి పతకంతో వచ్చే భత్యమే నెలకు 60 రూపాయలు. ఇంత తేడా ఉన్న గౌరవం ఎవరికి? జమాదారు, సుబేదారు వంటి భారతీయ అధికారులకు మాత్రమే. సిపాయికి, నాయక్‌కు, హవల్దారుకు అందులో చోటు లేదు. 1848లో కంపెనీ తన ఐరోపా సైనికులకు దీర్ఘ సేవా పతకం పెట్టింది. పక్కనే అదే ఎండలో నడిచిన భారతీయ సిపాయికి అలాంటి పతకం రావడానికి ఇంకో 40 ఏళ్లు పట్టింది.

ఆ గౌరవానికి అర్హమైన హోదా దాకా చేరడానికి ఎంత కాలం పట్టేదో సీతారాం పాండే ఆత్మకథ చెబుతుంది. అవధ్ ప్రాంతపు బ్రాహ్మణుడు. 1812లో బెంగాల్ సైన్యంలో చేరి 1860లో సుబేదారుగా దిగిపోయాడు. మొత్తం 48 ఏళ్లు. నేపాల్ యుద్ధం, పిండారీల మీద దాడులు, భరత్‌పూర్ ముట్టడి చూశాడు. ఆఫ్ఘన్ యుద్ధంలో చిక్కి కాబూల్‌లో బానిసగా అమ్ముడై, తప్పించుకుని తిరిగొచ్చి, సిక్కు యుద్ధాల్లో మళ్లీ తుపాకీ పట్టాడు. ఇన్ని చూసినవాడికి జమాదారు హోదా వచ్చింది 35 ఏళ్ల కొలువు తర్వాత. అప్పటికి ఒళ్లు అలిసిపోయింది. పటాలాన్ని ముందుండి నడిపించవలసిన వయసులో తుపాకీ మోశాడు. విశ్రాంతి తీసుకోవలసిన వయసులో అధికారి అయ్యాడు. ఇదే తన ఫిర్యాదని అతను దాచుకోలేదు. బెంగాల్ సైన్యంలో పైకి వెళ్లడానికి ఉన్న మెట్టు ఒక్కటే: పైవాడు దిగిపోవడం. నేర్పున్నవాడూ లేనివాడూ ఒకే వరుసలో, ఒకే వేగంతో కదులుతారు. ఆ వరుస చివర ఉన్న హోదా కూడా ఏమంత పెద్దది కాదు. నిన్నగాక మొన్న ఇంగ్లండు నుంచి ఓడ దిగిన కుర్ర దొరకు 40 ఏళ్ల కొలువున్న సుబేదారు సలాము కొట్టాలి, వాడి ఆజ్ఞ పాటించాలి. 1857 తర్వాత తిరుగుబాటుదారుల్ని కాల్చే దళానికి నాయకత్వం వహించమని సీతారాంకు ఆజ్ఞ వచ్చింది. కాల్పులకు నిలబెట్టినవారిలో అతని కొడుకు ఉన్నాడు. మేజర్‌ను వేడుకుని ఆ ఒక్క పని నుంచి తప్పించుకున్నాడు. 48 ఏళ్ల నమ్మకానికి రాజ్యం అతన్ని తెచ్చి నిలబెట్టిన చోటు అది.

ఇక్కడ ఒక అభ్యంతరం ఉంది, న్యాయమైనదే. సీతారాం ఆత్మకథ మూల ప్రతి దొరకలేదు. మనకున్నది నార్గేట్ అనే దొర చేసిన ఇంగ్లీషు అనువాదం, 1873లో లాహోరులో అచ్చయింది. సీతారాం అనే మనిషి నిజంగా ఉన్నాడా, లేక దొరే ఒక సిపాయి గొంతు పెట్టుకుని రాశాడా అని చరిత్రకారులు అనుమానించారు. ఆ అనుమానాన్ని కొట్టిపారేయడానికి నా దగ్గర ఆధారం లేదు, ఆ అవసరమూ లేదు. నేను ఆ పుస్తకం మీద మోపుతున్న బరువు ఒక్క మనిషి జీవిత వివరాలది కాదు, ఆ సైన్యం పదోన్నతి పద్ధతిది. ఆ పద్ధతి గురించి సాక్ష్యం వేరే చోట కావలసినంత ఉంది. హెన్రీ లారెన్స్ కంపెనీ పాలకుల్లోనే పెద్దవాడు. 1857కు ఎన్నో ఏళ్ల ముందే కలకత్తా రివ్యూలో రాసిన వ్యాసాల్లో, తెలివీ ధైర్యమూ ఆశా ఉన్న భారతీయ సైనికుడికి ఈ సైన్యంలో చేరదగ్గ చోటే లేదని, ఇది ప్రమాదమని హెచ్చరించాడు. ఆ హెచ్చరిక రాసినవాడే 1857 జులైలో లక్నో ముట్టడిలో ఫిరంగి గుండుకు బలయ్యాడు. పుస్తకం కల్పితమని తేలినా, ఆ కల్పన ఏ వాస్తవం మీద నిలబడిందో లారెన్స్ చెప్పి ఉంచాడు.

సీతారాం పక్కన మరో దీర్ఘ సేవకుణ్ణి నిలబెట్టి చూడాలి. అతని ఉనికి మీద ఎవరికీ అనుమానం లేదు. బఖ్త్ ఖాన్, కంపెనీ ఫిరంగి దళంలో సుబేదారు, సుమారు 40 ఏళ్ల కొలువు ఉన్నవాడు, ఆఫ్ఘన్ యుద్ధంలో పనిచేసినవాడు. అతని కింద పని నేర్చుకున్న కుర్ర దొరలు చాలామంది. 1857 జులైలో బరేలీ దళాలతో ఢిల్లీ చేరగానే మొఘల్ చక్రవర్తి బహదూర్ షా అతన్ని మొత్తం సేనకు అధిపతిని చేశాడు. కంపెనీ 40 ఏళ్లలో ఒక్క పటాలాన్ని కూడా అప్పజెప్పని మనిషికి మరో రాజ్యం వచ్చీరాగానే సైన్యాన్నంతా అప్పజెప్పింది. అతను గొప్ప సేనానిగా నిరూపించుకున్నాడా అన్నది వేరే చర్చ. ఢిల్లీలో ఉన్న గందరగోళంలో ఎవరు నెగ్గుకొచ్చేవారో చెప్పలేం. నా దృష్టి కంపెనీ లెక్క మీద ఉంది. బెంగాల్ సైన్యంలో దీర్ఘ సేవ ఉంది, నమ్మకం ఉంది, దానికోసం 20 ఏళ్లుగా పతకం, బిరుదు, భత్యం ఉన్నాయి. అయినా 1857 మే నుంచి పటాలాల మీద పటాలాలు విడిపోయాయి. తిరుగుబాటుకు కారణాలు అనేకం. తూటాల కొవ్వు నుంచి అవధ్ ఆక్రమణ దాకా ఉన్నాయి. వాటన్నిటినీ పతకం ఆపగలదని ఎవరూ అనరు. కానీ ఆ క్షణంలో సిపాయిలకు నచ్చజెప్పగలిగిన మధ్యవర్తులు ఎవరైనా ఉంటే వారు ఈ భారతీయ అధికారులే. వారికి బిరుదులు ఇచ్చిన రాజ్యం అధికారం ఇవ్వలేదు. కాబట్టి వారి మాట చెల్లలేదు, చాలామందికి చెల్లించాలన్న కోరికా లేకపోయింది.

మామూలు సిపాయి దాకా పతకం దిగివచ్చింది 1888లో. ఆ ఏడాది రెండు వెండి పతకాలు పుట్టాయి. ఒకటి 20 ఏళ్ల దీర్ఘ సేవకూ సత్ప్రవర్తనకూ. రెండోది 18 ఏళ్ల మెచ్చుకోదగ్గ సేవ చేసిన హవల్దార్లకు, దఫేదార్లకు. రెండోదానితో ఏడాదికి 25 రూపాయల భత్యం వచ్చేది. మొదట పటాలానికి ఒకరికే. ఆ ఒకరు పై హోదాకు వెళ్తేనో, చనిపోతేనో, హోదా కోల్పోతేనో మరొకరికి వంతు వచ్చేది. పటాలంలో వందల మంది, వారిలో పదుల సంఖ్యలో హవల్దార్లు ఉంటారు. వారందరూ ఒకే పతకం వైపు చూస్తూ, అది ఖాళీ అయ్యేదాకా ఆగాలి. పతకం చుట్టూ తామర పూల దండ, మధ్యలో ఇండియా అన్న మాట. రూపంలో అందమైనదే. కానీ 7 రూపాయల సిపాయి జీతం 9 అవడానికి 1895 దాకా, 11 అవడానికి 1911 దాకా పట్టిందని గుర్తుంచుకుంటే, రాజ్యం వెండిని ఎంత సులువుగా ఇచ్చిందో, రూపాయిని ఎంత బిగించి ఇచ్చిందో తెలుస్తుంది.

ఇప్పుడు మన ప్రాంతం సంగతి. మద్రాసు సైన్యం 1750ల నుంచి రూపుదిద్దుకుంది. క్లైవు బెంగాలుకు తీసుకెళ్లిన సిపాయిలు మద్రాసు నుంచి వెళ్లినవారే. ఉత్తరాదిలో సిపాయిని తిలంగా అని పిలవడం అప్పటి నుంచి వచ్చింది. 1857 నాటి ఢిల్లీ కాగితాల్లో కూడా తిరుగుబాటు సిపాయిలకు ఆ పేరే కనబడుతుంది. మద్రాసు సైన్యానికి ఒక ప్రత్యేకత ఉండేది. సిపాయిలు కుటుంబాలతో పటాలం బస లైన్లలోనే కాపురం ఉండేవారు. చనిపోయిన సిపాయిల కొడుకుల్ని చిన్న వయసులోనే పటాలం జాబితాలోకి ఎక్కించుకుని కొద్దిపాటి జీతం ఇచ్చే పద్ధతి ఉండేది. తండ్రి కొలువుకు కొడుకు చోటు ఒక కొనసాగింపు. నేను చెబుతున్న ఒప్పందం ఇక్కడ కాగితం మీద లేకపోయినా లైన్లలో కాపురం పెట్టి ఉంది. 1857లో మద్రాసు సైన్యం దాదాపుగా చెక్కుచెదరకుండా నిలబడడానికి ఇది ఒక కారణమని నా అభిప్రాయం. ఆ నిలకడకు దక్కిన ఫలితం ఏమిటి? 1881లో మద్రాసు సైన్యాధిపతిగా వచ్చిన రాబర్ట్స్, దక్షిణాది మనిషి దీర్ఘకాలపు శాంతిలో యుద్ధగుణం కోల్పోయాడని తేల్చాడు. తర్వాత కొన్ని జాతులే యుద్ధానికి తగినవనే యుద్ధజాతుల సిద్ధాంతం విధానమైంది. మద్రాసు పటాలాలు ఒక్కొక్కటే రద్దయ్యాయి. కొన్నిటి అంకెలు మిగిలి మనుషులు మారిపోయారు. 10వ మద్రాసు పదాతి దళం అంకె బర్మాలో పెట్టిన గూర్ఖా పటాలానికి వెళ్లి, చివరికి 10వ గూర్ఖా రైఫిల్స్ అయింది. నిజాం రాజ్యంలో పుట్టిన హైదరాబాద్ కంటింజెంటు సైతం క్రమంగా ఉత్తరాది మనుషులతో నిండి, 1922లో హైదరాబాద్ రెజిమెంటుగా, 1945లో కుమావూన్ రెజిమెంటుగా పేరు మార్చుకుంది.

తేదీల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక క్రూరమైన విషయం బయటపడుతుంది. సిపాయికి దీర్ఘ సేవా పతకం వచ్చిన దశాబ్దమూ, మద్రాసు సిపాయి పనికిరాడని తేల్చిన దశాబ్దమూ ఒకటే. 1890లలో 20 ఏళ్ల కొలువు నింపిన దక్షిణాది సిపాయికి అదే రాజ్యం ఒక చేత్తో సత్ప్రవర్తన పతకం ఇస్తూ, రెండో చేత్తో అతని కొడుకు చేరవలసిన పటాలాన్ని మూసేస్తోంది. వెండి బిళ్ల మీద మెప్పు, నియామక పత్రంలో తిరస్కారం. పతకం ఒప్పందానికి బదులుగా వస్తే ఎంత తేలిపోతుందో చూపడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. ఆ తీర్పు ఎంత తప్పో తేలడానికి రెండు ప్రపంచ యుద్ధాలు పట్టాయి. రెండో యుద్ధంలో మనుషులు చాలక మద్రాసు రెజిమెంటును తిరిగి లేపారు. పశ్చిమ గోదావరిలోని మాధవరం వంటి ఊళ్ల నుంచి రెండు యుద్ధాలకూ ఇంటింటి నుంచి యువకులు వెళ్లారు. ఆ ఊరికి మిలిటరీ మాధవరం అన్న పేరు ఊరికే రాలేదు.

పరాయి ప్రభువుకు చేసిన కొలువుకు వచ్చిన పతకాన్ని ఈ రోజు మనం ఎందుకు గౌరవించాలి అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్నను నేను తేలిగ్గా తీసుకోను. అదే సైన్యం మన ఊళ్ల మీదికీ నడిచింది; మన్యంలో అల్లూరి మీదికి నడిచిన దళాల్లోనూ భారతీయులే ఉన్నారు. నా జవాబు ఇది. పతకం ఇచ్చినవాడి ఉద్దేశానికీ, దాన్ని సంపాదించినవాడి బతుకుకూ తీర్పు వేరువేరుగా చెప్పాలి. 7 రూపాయల జీతం కోసం, ఇంటికి పంపే మనియార్డరు కోసం, కరువు సీమలో ఒక పొయ్యి ఆరకుండా ఉండడం కోసం చేరిన మనిషి సామ్రాజ్య విధానం నిర్ణయించలేదు. అతన్ని చరిత్రలోంచి తుడిచేస్తే ఆ సైన్యం చరిత్రలో దొరలే మిగులుతారు. వాళ్లు కోరుకున్నదీ అదే. పైగా ఈ పతకాన్ని నేను చదువుతున్న తీరులో అది సామ్రాజ్యానికి పొగడ్త కాదు, దాని మీద అభియోగపత్రం. ఈ మనిషి ఇన్నేళ్లు ఇచ్చాడని రాజ్యం తన చేత్తోనే లోహం మీద రాసిచ్చింది. బదులుగా ఏమివ్వలేదో మనం ఆ పక్కనే రాసుకోవచ్చు.

ఇంకొందరు అంటారు: శౌర్యం సంపాదించుకోవలసినది, దీర్ఘ సేవ కాలం గడిస్తే దానంతటదే వచ్చేది, దానికి పతకం ఎందుకు? సైన్యంలో పనిచేసినవారు ఈ మాట అనరు. కాలం అందరికీ గడుస్తుంది, రికార్డులో రెడ్ ఇంక్ ఎంట్రీ, అంటే శిక్ష నమోదు, పడకుండా గడపడం అందరికీ చేతకాదు. సెలవు మీద ఇంటికి వెళ్లి ఒక రోజు ఆలస్యంగా చేరడం, మెస్సులో ఒక తగువు, సెంట్రీ డ్యూటీలో ఒక కునుకు, పైఅధికారికి ఒక ఎదురు మాట — ఏదైనా రికార్డులోకి ఎక్కవచ్చు. ఇరవై ఏళ్లలో అలాంటి సందర్భాలు వేలల్లో వస్తాయి. సియాచిన్ మంచులో పోస్టు మీద నిలబడినవాడి దగ్గర కాల్పులు లేని రాత్రుల లెక్క ఎక్కువ. ఆ రాత్రులన్నిటిలో మెలకువగా ఉండడమే అతని పని. పటాలానికి ఆయువుపట్టు హవల్దారు. కొత్తగా వచ్చిన కుర్రాడికి బూటు లేసు కట్టడం నుంచి గస్తీలో అడుగు ఎక్కడ వేయాలో దాకా నేర్పేది అతనే. కొత్త లెఫ్టినెంటుకు మర్యాద తప్పకుండా దారి చూపేదీ అతనే. 1888 పతకంలో భత్యాన్ని ప్రత్యేకంగా హవల్దార్లకు, దఫేదార్లకే పెట్టడంలో బ్రిటిష్ వారికి సైతం ఈ విలువ తెలుసన్న ఒప్పుకోలు ఉంది. బెంగాల్ సైన్యంలో ముసలి సుబేదార్లు పటాలానికి భారమయ్యారన్నది నిజమే. అయితే తప్పు దీర్ఘ సేవది కాదు; పైకి వెళ్లడానికి కాలం తప్ప మరో మెట్టు లేకుండా చేసినవారిది.

స్వాతంత్ర్యం తర్వాత ఒప్పందం చాలావరకు బాగుపడింది. కింది స్థాయిలో చేరినవాడు అధికారి కావడానికి దారులు తెరుచుకున్నాయి. 15 ఏళ్లు నింపిన జవానుకు పెన్షను వచ్చింది. ఆ పెన్షను ఎంత ఉండాలన్న తగువు దశాబ్దాలు నడిచి, ఒకే ర్యాంకుకు ఒకే పెన్షను 2015లో ఉత్తర్వుగా వచ్చింది. మాజీ సైనికులు అందుకోసం ఢిల్లీ వీధుల్లో కూర్చున్నప్పుడు కొందరు తమ పతకాల్ని వెనక్కి ఇచ్చేశారు. ఆ చర్యలో నా వాదన మొత్తం ఉంది. పతకం వేరు, మాట వేరు అని రాజ్యం అనుకోవచ్చు. సైనికుడు రెంటినీ ఒకటిగానే చూస్తాడు.

2022 జూన్ 14న అగ్నిపథ్ పథకం వచ్చింది. యువకులు నాలుగేళ్లకు చేరతారు. వారిలో గరిష్ఠంగా 25 శాతం మందిని మాత్రమే శాశ్వత కొలువులోకి తీసుకుంటారు. మిగతావారు సుమారు 11.71 లక్షల రూపాయల సేవానిధితో, పెన్షను లేకుండా ఇంటికి వెళ్తారు. మూడు రోజుల్లోనే సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు పెట్టెలు తగలబడ్డాయి, పోలీసు కాల్పుల్లో ఒక యువకుడు ప్రాణం కోల్పోయాడు. ఆ విధ్వంసాన్ని సమర్థించలేం. కానీ అక్కడ చేరిన కుర్రాళ్లు ఏళ్ల తరబడి తెల్లవారుజామున పరుగు పందేలకు సాధన చేసినవారని మరవలేం. వారు సాధన చేసింది పెన్షను వచ్చే కొలువు కోసం.

సైన్యం యవ్వనంగా ఉండాలన్న వాదన బలమైనది. కార్గిల్ తర్వాత నియమించిన సమీక్షా సంఘం సైతం 1976 నుంచి ఉన్న 17 ఏళ్ల కొలువును 7 నుంచి 10 ఏళ్లకు తగ్గించమంది. 5 వేల మీటర్ల ఎత్తులో రాళ్లు పట్టుకుని ఎక్కవలసినవాడికి 40 ఏళ్ల మోకాళ్లు పనికిరావన్నది ఎవరూ కాదనలేని మాట. ఆ సంఘం సిఫారసులో రెండో సగాన్ని మాత్రం చాలామంది చెప్పరు. ఆ 7–10 ఏళ్ల తర్వాత సైనికుల్ని పారామిలటరీ దళాల్లోకి పంపమని అది చెప్పింది. సైన్యం ఒప్పందాన్ని కుదించుకుంటే రాజ్యం దాన్ని వేరే యూనిఫారంలో కొనసాగించాలన్నది ఆ ఆలోచన. అగ్నివీరులకు కేంద్ర సాయుధ పోలీసు దళాల్లో 2022లో 10 శాతం రిజర్వేషను ప్రకటించారు. ప్రకటన మంచిదే, దళం నుంచి బయటకొచ్చే 75 శాతం మందిలో ఎందరికి అది చోటు చూపుతుందో లెక్క వేరు. కార్డ్‌వెల్ కొలువు తగ్గించినప్పుడు పతకం కొలతను 18 ఏళ్లకు దించారని ముందు చెప్పాను. మన దగ్గర అలాంటి సర్దుబాటు కూడా జరగలేదు. అతి తక్కువ దీర్ఘ సేవా పతకమే 9 ఏళ్లది. నలుగురిలో నాలుగేళ్లకే వెళ్లిపోయే ముగ్గురు దాని దరిదాపులకు రారు.

సైన్యంలో తొలి విడత అగ్నివీరుల శిక్షణ 2023 జనవరిలో మొదలైంది. వారి నాలుగేళ్లు 2026–27 సంధికాలంలో పూర్తవుతాయి. అప్పటికి మూడు పనులు జరగాలని ఈ వేదిక మీద నుంచి కోరుతున్నాను. వారి సేవా కాలాన్ని పారామిలటరీలో, రాష్ట్ర పోలీసులో చేరేటప్పుడు సీనియారిటీలోకి లెక్కించాలి. దళంలో ఉండగా గాయపడి అంగవైకల్యం పొందినవారికి శాశ్వత కొలువు జవాను పొందే సాయమే అందాలి. నాలుగేళ్లు మచ్చ లేకుండా చేసినవారికి అంచు మీద పేరున్న పతకం కూడా ఇవ్వాలి, అయితే మొదటి రెండూ ఇచ్చిన తర్వాతే.